వరుస తప్పిన జనవరి

డెబ్భై ఏళ్లొచ్చాక కొన్ని సంగతులు తెలియకపోతేనే మనిషికి సుఖం. మోకాళ్ల నొప్పికి మందు లేదన్నది ఒకటి. తాను రాసిన పుస్తకంలో నూట పన్నెండో పేజీ తప్పన్నది రెండోది. మొదటిది డాక్టరు చెప్పాడు. రెండోది మొన్న జూన్‌లో, టౌన్ క్లర్కు ఆఫీసు కింద ఇనప తలుపుల గదిలో, నేనే కనుక్కున్నాను.

ఆ పుస్తకం మా లుడ్‌కిన్‌ల వంశ చరిత్ర. మా మూలపురుషుడు జబెజ్ లుడ్‌కిన్ 1638లో ఓడ దిగి వచ్చి, మా ఊరు వెస్ట్ హార్లోలో మొదటి చెట్టు కొట్టినవాళ్లలో ఒకడు. ఆయన పిల్లలు, మనవలు, ముని మనవలు, మొత్తం పదకొండు తరాలు, నాలుగు వందల పేజీలు. 1955లో, నా ఇరవై ఏడో ఏట, అచ్చు వేయించాను. నా ఈడు ఆడపిల్లలు శనివారం డాన్సులకు పోతుంటే నేను చర్చి రిజిస్టర్ల దుమ్ము పీల్చేదాన్ని. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా కదిపితే, "నాకు రెండు వేలమంది చుట్టాలున్నారు, ఇంకొకడు దేనికి?" అనేదాన్ని. ఆ జవాబు మొదట్లో నాకే భలే నచ్చేది. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు.

ఏటా ఆగస్టు రెండో శనివారం చర్చి వెనక పచ్చికలో మా వాళ్లంతా చేరతారు. బీన్స్ కుండలు, ఉడికించిన మొక్కజొన్న, పళ్లు కూరి కాల్చిన పైలు మూడు రకాలు, ఎవరూ ముట్టని జెల్లీ సలాడు. వచ్చిన ప్రతివాళ్ల గుండెకూ ఒక రిబ్బను గుచ్చుతాం. జబెజ్ పెద్దకొడుకు సంతతికి నీలం, రెండోవాడి సంతతికి ఎరుపు, మూడోవాడి సంతతికి ఆకుపచ్చ. అల్లుళ్లకూ, కోడళ్లకూ, అతిథులకూ తెలుపు. ఎవరికి ఏ రంగన్నది నా పుస్తకం చూసే తేలుస్తారు. నలభై మూడేళ్లుగా ఈ ఊళ్లో నా పుస్తకం మాటకు తిరుగులేదు.

రంగులతో పోయేదైతే నాకింత దిగులు ఉండేది కాదు. కొండ మీద రాతిగోడ లోపల జబెజ్ సమాధి ఉంది. ఆయన వీలునామాలో, ఆ గోడ లోపల తన రక్తం పంచుకుపుట్టినవాళ్లూ, వాళ్ల భార్యాభర్తలూ మాత్రమే పడుకోవాలని రాసిపోయాడు. మా లుడ్‌కిన్‌ల సంఘం ఇప్పటికీ అది తు.చ. తప్పకుండా పాటిస్తుంది. పేరు నా పుస్తకంలో ఉంటే కొండ మీదికి, లేకపోతే రోడ్డు పక్కన ఊరందరి శ్మశానానికి.

నూట పన్నెండో పేజీలో తప్పు ఏమిటో చెప్తాను. జబెజ్‌కు మూడోకొడుకు వైపు నేతన్ అని ఒక మనవడు. అతని భార్య పేషెన్స్. వాళ్ల ఇంట్లో ఎలియబ్ అనే పిల్లవాడు పెరిగాడు. పిల్లవాడు పుట్టింది 1712 ఏప్రిల్ 6. పేషెన్స్ పోయింది 1712 జనవరి 14. జనవరిలో పోయిన తల్లి ఏప్రిల్‌లో ఎలా కంటుంది? నేతన్ మళ్లీ పెళ్లాడింది మరుసటి ఏడు ఆగస్టులో. కనక ఎలియబ్ ఆ దంపతుల బిడ్డ కాడు, ఎవరో అనాథను తెచ్చి పెంచుకున్నారు. నేనలా తేల్చి, "జన్మ నిరూపితం కాలేదు" అని ఒక్క ముక్క రాసి, ఎలియబ్ కింది ఏడు తరాలనూ పుస్తకంలోంచి తీసేశాను.

ఇక్కడ మా పని తెలిసినవాడెవడైనా నవ్వుతాడు. ఆ రోజుల్లో మావాళ్లకు కొత్త సంవత్సరం జనవరి ఒకటిన వచ్చేది కాదు, మార్చి ఇరవై ఐదున వచ్చేది. జనవరి, ఫిబ్రవరి సంవత్సరం తోకలో ఉండేవి. అంటే 1712లో ముందు ఏప్రిల్ వస్తుంది, జనవరి తొమ్మిది నెలల తర్వాత వస్తుంది. ఓనమాలు దిద్దేవాడికి కూడా తెలిసిన సంగతి. నాకూ తెలుసు. కానీ అసలు రిజిస్టరు ఎప్పుడో అగ్గిపాలైందని, అంతకు ముందే ఒక పాస్టరు రాసి పెట్టుకున్న నకలు మాత్రమే మిగిలిందని అందరూ చెప్పేవారు. ఆ నకలు మొదటి పేజీలో ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో, "సంవత్సరాలన్నీ ఇప్పటి లెక్కలోకి మార్చి రాశాను" అని రాశాడు. అన్నీ అన్నాడు కదా అని నమ్మాను. పాత వీలునామాలతో, దస్తావేజులతో ఇరవైచోట్ల సరిచూస్తే ఇరవైచోట్లా మార్చే ఉంది. ఇరవై ఒకటోది చూడలేదు.

ఈ వసంతంలో పక్క ఊళ్లో ఒక పాత ఇల్లు అమ్ముతూ అటక దులిపితే, చర్చి బెంచీల పాత మెత్తల కింద అసలు రిజిస్టరు బయటపడింది. కాలలేదు సరికదా, ఎలుక కూడా కొట్టలేదు. ఆ రాత చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి నాకు కబురు పెట్టారు. 1712 పేజీ తిప్పాను. క్లర్కు ఏ రోజు సంగతి ఆ రోజు, ఒకదాని కింద ఒకటి, రాసుకుంటూ పోయాడు. పైన ఎలియబ్ పుట్టుక. దాని కింద పదకొండు పుట్టుకలు, నాలుగు చావులు, ఒక పెళ్లి. అన్నిటి కింద, పేజీ చివర, "నేతన్ భార్య పేషెన్స్ మరణించెను." దాని కింద గీత గీసి కొత్త సంవత్సరం.

పాస్టరు ఆ ఒక్క పేజీలో సంవత్సరం మార్చడం మరిచిపోయాడు, అంతే. ఆయన మరిచిపోయాడు, నేను నమ్మాను, రెండువందల మందికి చుట్టరికం పోయింది. రిజిస్టరు మూసేశాను. ఏడుపు రాలేదు. ఒళ్లంతా అలసట కమ్మేసింది. నలభై మూడేళ్లు మోసిన బరువు దించి చూస్తే అందులో రాళ్లున్నాయని తెలిసినప్పుడు వచ్చే అలసట అది.

ఎందుకంటే ఆ రెండువందల మందిలో ఆల్వైరా పెక్ ఉంది.

పుట్టింటి పేరు ఆల్వైరా లుడ్‌కిన్. నా పుస్తకం రాకముందు ఆమె నాన్నా, అమ్మా కొండ మీదే పడుకున్నారు. అప్పుడెవరూ సాక్ష్యం అడగలేదు. 1956 ఆగస్టులో, పుస్తకం వచ్చాక మొదటి కలయికలో, ఆమె గుండెకు తెల్ల రిబ్బను గుచ్చింది నేనే. ఆమె దాని వంక చూసుకుని, "ఏంటిది, నేను మా నాన్నకి కోడల్నా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ మరుసటి ఫిబ్రవరిలో ఆమె కూతురు డెలియా ఊపిరితిత్తులకు జలుబు దిగి పోయింది. ఆరేళ్ల పిల్ల. మా దగ్గర చలికాలంలో నేల రాయి. గునపం దిగదు. పోయినవాళ్లను మంచు కరిగేదాకా ఊరి రాతిగదిలో పెట్టి తాళం వేస్తారు. పిల్ల ఆ గదిలో ఏడు వారాలుంది. ఆ ఏడు వారాల్లో ఆల్వైరా సంఘానికి ఉత్తరం రాసింది. కొండ మీద తాతయ్య పక్కన కాస్త చోటిమ్మంది, చిన్నపిల్ల, ఎక్కువ చోటు కూడా పట్టదంది. సంఘం నన్నడిగింది. నేను మూడు వాక్యాల్లో జవాబు రాశాను. కార్బన్ కాపీ ఇప్పటికీ నా సొరుగులో ఉంది. మూడో వాక్యం, "నియమం అందరికీ ఒక్కటే."

ఏప్రిల్‌లో నేల మెత్తబడ్డాక డెలియాను రోడ్డు పక్కన పాతారు.

రిజిస్టరు చూసిన మర్నాడు చెస్టర్ దగ్గరికెళ్లాను. మా చిన్నాన్న కొడుకు, ఇప్పుడు సంఘానికి అధ్యక్షుడు. ఇన్సూరెన్సులో రిటైరయ్యాడు. తోటలో టమాటాలకు కర్రలు కడుతున్నాడు. చెప్పిందంతా విని, కర్ర వదలకుండానే అన్నాడు.

"అక్కా, నీకు వేరే పని లేదా?"

"ఉంటే చెయ్యనా?"

"కొండ మీద మిగిలినవి మూడే మూడు చోట్లు. ఒకటి నాది, ఒకటి మా ఆవిడది. నువ్విప్పుడు రెండువందల మందిని లోపలికి తోలుకొస్తే నేనెక్కడ పడుకోను, నీ ఒళ్లోనా?"

"మూడోది నా పేరున ఉంది కదా. అది ఆల్వైరా గారికిస్తాను."

"ఆవిడ అడిగిందా? లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు చెప్పు?" గొంతు తగ్గించాడు. "పోనీ, మన సంఘం చలికాలం పత్రికలో చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఓ సవరణ వేద్దాం. నీ మనసూ కుదుటపడుతుంది."

"చిన్న అక్షరాలు ఆవిడకి ఆనవురా. ఎనభై నాలుగేళ్లు."

"అదే కదే నేను చెప్పేది," అని నవ్వాడు. తర్వాత నా మొహం చూసి నవ్వాపాడు. "అది కాదక్కా. నీ పుస్తకంలో తప్పుందని ఆగస్టులో అందరి ముందూ నువ్వే చెప్తే, రేపట్నుంచి ప్రతివాడూ ప్రతి పేజీ పట్టుకొస్తాడు. నీకు ఓపికుందా?"

లేదు. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఇంటికొచ్చి రెండు వారాలు ఏమీ చెయ్యలేదు. దాచిపెట్టడం ఎంత తేలికో ఆ రెండు వారాల్లో తెలిసింది. రిజిస్టరు మళ్లీ ఇనప తలుపుల వెనక్కి పోయింది. ఆ రాత చదివేవాళ్లు లేరు. నేను నోరు మూసుకుంటే చాలు, నూట పన్నెండో పేజీ నాకంటే ఎక్కువకాలం బతుకుతుంది. కానీ రాత్రి పడుకుంటే ఆ మూడో వాక్యమే గుర్తొచ్చేది. నా మీద నాకు అసహ్యం వేసింది. అసహ్యంతో కూడా మనిషి రెండు వారాలు హాయిగా భోంచెయ్యగలడని కూడా తెలిసింది.

చివరికి ఒక గురువారం పొద్దున, రిజిస్టరు పేజీకి ఫోటో కాపీ తీయించి, నా పుస్తకం, ఒక ఆకుపచ్చ రిబ్బను సంచిలో వేసుకుని ఆల్వైరా ఇంటికి బయల్దేరాను.

ఆమె పాల డెయిరీ దాటాక మలుపులో, బూడిదరంగు చిన్న ఇంట్లో, ఒంటరిగా ఉంటుంది. భర్త వాల్టర్ పోయి పన్నెండేళ్లు. దోమతెర తలుపు లోపల్నుంచే నన్ను ఆనవాలు పట్టింది.

"హల్డా లుడ్‌కినా? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదండీ."

"మరి నువ్వెందుకొచ్చావు? నువ్వొస్తే ఎవరో ఒకరు పోయే ఉండాలిగా, మూడు వందల ఏళ్ల కిందటైనా సరే." తలుపు తీసింది. "రా. కూర్చో. కాఫీ చల్లారింది, అదే తాగు."

వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చాను, ఒక్కటీ గుర్తు రాలేదు. కాగితం ఆమె ముందు పెట్టి, "నేను తప్పు రాశాను, ఆల్వైరా గారూ," అన్నాను. "ఎలియబ్ పేషెన్స్ కొడుకే. మీరు జబెజ్ సంతతే. మొదట్నుంచీ."

ఆమె కాగితం ముట్టలేదు. కళ్లజోడు తీసి గౌను అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"నాకానదు. వేలు పెట్టి చూపించు. పిల్లాడెక్కడ?"

ఆమె చూపుడు వేలు పట్టుకుని పై వరుస మీద పెట్టాను.

"తల్లి?"

వేలు కిందికి జరిపాను. కాగితం చివరిదాకా జరపాల్సి వచ్చింది.

"పైన కన్నది, కింద పోయింది. అంతేగా?"

"అంతే."

"ఇది చూడ్డానికి చదువెందుకే అమ్మాయ్? ఆవు ఈనిన రోజు, చచ్చిన రోజు మా నాన్న కొట్టం తలుపు మీద బొగ్గుతో రాసేవాడు. పైదేదో కిందిదేదో మాకెప్పుడూ సందేహం రాలేదు."

పాస్టరు నకలు సంగతి చెప్పబోయాను. మార్చి ఇరవై ఐదు సంగతీ మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు రాసిన ఉత్తరం నాకు కంఠతా వచ్చు. చెప్పనా?"

"వద్దండీ."

"నియమం అందరికీ ఒక్కటే," అంది ఆమె. "వాల్టర్ దాన్ని పొయ్యిలో పెట్టాడు. అప్పటికే నాకు వచ్చేసింది."

తల దించుకున్నాను. క్షమించమని అడగాలనే వెళ్లాను. ఆ వంటింట్లో ఆ మాట ఎంత చిన్నదో అక్కడికెళ్లాకే తెలిసింది. అయినా అడిగాను. ఆమె లేచి కిటికీ దగ్గర కాఫీ కప్పు తొలిపి బోర్లించింది. నాకు చేతనైంది ఒక్కటే మిగిలింది.

"కొండ మీద నాకున్న చోటు మీకు రాసిస్తాను. మీ నాన్నగారి పక్క వరుసే. ఆగస్టులో అందరి ముందూ చెప్తాను. డెలియాను కూడా పైకి తీసుకురావచ్చు, పర్మిషను నేను తెస్తాను."

ఆమె వెనక్కి తిరిగింది. మొదటిసారి కోపంగా చూసింది.

"నలభై ఒక్క ఏళ్లు పడుకున్న పిల్లని లేపుతావా?"

"కాదండీ, నా ఉద్దేశం..."

"పక్కన వాళ్ల నాన్నున్నాడు. ఇటుపక్క నాకు చోటుంది. రోడ్డు మీద స్కూలు బస్సు పోతుంది, పొద్దునా సాయంత్రం. కొండ మీద ఏముంది? గాలి. మీ జబెజ్." వచ్చి కూర్చుంది. "ఆ రోజు మా నాన్న దగ్గర పడుకోబెడదామని ఎందుకన్నానో తెలుసా? చీకటంటే దానికి భయం. తెలిసినవాళ్లుంటే భయపడదని. ఇప్పుడు నేనే పోతున్నాగా, ఇంకెవరూ అక్కర్లేదు."

ఇచ్చేందుకు నా దగ్గర ఇంకేమీ లేదు. ఆకుపచ్చ రిబ్బను బయటికి తీశాను. ఆమె చూసి, "అక్కడ పెట్టు. ఆగస్టులో వేడి లేకపోతే వస్తా. మైకులో చెప్తావా?" అంది.

"చెప్తాను."

"గట్టిగా చెప్పు. చెస్టర్‌కి చెవుడు, తనకి పనికిరాని మాట వినబడదు."

నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. నా సంచిలో ఉన్న పుస్తకం వైపు చూపించింది.

"అది తెచ్చావుగా. రాయి."

"కొత్త అచ్చులో వేయిస్తాను, ఏడు తరాలూ..."

"కొత్త అచ్చుకి నేనుండను. ఇందులో రాయి. ఇప్పుడు. సిరాతో."

అచ్చయిన పుస్తకంలో సిరాతో రాయడం నా జీవితంలో ఎప్పుడూ చెయ్యలేదు. ఇంకొకరు రాస్తే, లైబ్రరీలో పనిచేసిన రోజుల్లో, జరిమానా వేసేదాన్ని. నూట పన్నెండో పేజీ తీశాను. "జన్మ నిరూపితం కాలేదు" అన్న ముక్క మీద గీత కొట్టాను. అంచున ఖాళీలో ఎలియబ్ తల్లిదండ్రుల పేర్లు రాశాను. అక్కణ్నుంచి ఒక్కొక్క తరం దించుకుంటూ వచ్చాను. ఆమె తాత పేరు, తేదీలు తనే చెప్పింది. నాన్న పేరు, తేదీలు చెప్పింది. ఒక్కచోట కూడా తడుముకోలేదు. నేను నలభై ఏళ్లు రిజిస్టర్లలో వెతికినదంతా ఈమె నోట్లోనే ఉంది. ఎవరం అడగలేదు.

పేజీ చివరికొచ్చేసరికి నా వేళ్లు తిమ్మిరెక్కాయి. ఆల్వైరా అని రాశాను. వాల్టర్ పెక్‌తో పెళ్లి తేదీ రాశాను. దాని కింద డెలియా అని రాశాను.

"ఏది పైన రాశావు?" అని అడిగింది. కళ్లు కాగితం మీదే ఉన్నాయి కానీ ఆనడం లేదు.

"మీరు పైన. డెలియా మీ కింద."

"పుట్టింది రాశావా?"

"ఇద్దరిదీ రాశాను."

"పోయింది?"

"డెలియాది రాశాను. 1957 ఫిబ్రవరి 11. మీది ఖాళీ."

చెయ్యి చాపింది. ఈసారి చెప్పకుండానే ఆమె వేలు పట్టుకుని ముందు తన ఖాళీ మీద, తర్వాత కూతురి తేదీ మీద పెట్టాను. తడి ఆరని సిరా ఆమె వేలికంటింది. తుడుచుకోలేదు.

"తల్లిది ఖాళీ, పిల్లది నిండిపోయింది," అంది. "వరుస తప్పింది, హల్డా."

నేను కలానికి మూత పెట్టాను.

"ఈ తప్పు నీది కాదులే," అంది.